మన్రో మంచితనం, కంపెనీ శిస్తు

రాయలసీమలో థామస్ మన్రోకు దక్కిన గౌరవం మరే తెల్లదొరకూ దక్కలేదు. తిరుమలలో అతని పేరుతో గంగాళం ఉంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనికి ప్రత్యక్షమై మాట్లాడారని కథ ఉంది. గండి క్షేత్రంలో మామూలు కళ్లకు కనబడని బంగారు తోరణం అతని కంటపడిందని చెప్పుకుంటారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఈ భక్తిని నేను తప్పుపట్టడం లేదు. జనం ఎవరిని తలుచుకోవాలో జనమే తేల్చుకుంటారు. నా పేచీ అంతా ఆ భక్తి మీద కట్టిన చరిత్రతోనే.

పాఠ్యపుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో, పత్రికల వ్యాసాల్లో మళ్లీ మళ్లీ అచ్చవుతున్న మాట ఇది: మన్రో పాళెగాళ్ల పీడ వదిలించాడు, దళారులను తొలగించాడు, పొలం పొలాన్నీ కొలిపించాడు, న్యాయమైన శిస్తు విధించాడు, పట్టా రైతు చేతికే ఇచ్చాడు, కనుక రైత్వారీ పద్ధతి దత్తమండలాల రైతును బతికించింది. వీటిలో కొన్ని నిజాలే. కానీ న్యాయమైన శిస్తు అన్నది నిజం కాదు, రైతును బతికించింది అన్నది అంతకన్నా నిజం కాదు. ఇందుకు మొదటి సాక్షి మన్రోయే.

1800లో నిజాం తన దగ్గరున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప సీమలను, ఇప్పటి కర్నూలు ప్రాంతంలో కొన్ని తాలూకాలను కంపెనీకి రాసిచ్చాడు; దత్తమండలాలు అంటే ఇవే. అంతకుముందు పదేళ్లలో ఆ నేల మైసూరు యుద్ధాలను చూసింది, 1791-92 నాటి భయంకరమైన కరువును చూసింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, చెరువులు తెగాయి. అలాంటి సీమకు మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఆ ఏడేళ్లలో శిస్తు వసూలు సుమారు 4 లక్షల పౌన్ల నుంచి 6 లక్షల పౌన్లకు చేరింది. సగానికి సగం పెరిగిందన్నమాట. మధ్యలో 1803లో వానలు తప్పి కరువు వచ్చినా ఈ పెరుగుదల ఆగలేదు. శాంతి నెలకొని, పారిపోయిన రైతులు తిరిగొచ్చి, బీళ్లు సాగులోకి రావడం వల్లే పెరిగిందని మన్రో అభిమానులు అంటారు. కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే యుద్ధం, కరువు తిని వదిలిన సీమలో రైతు మళ్లీ ఎద్దులు కొనుక్కోవాలి, నాగలి చేయించుకోవాలి, బావి పూడిక తీయించుకోవాలి. అలా నిలదొక్కుకోవలసిన ఏడేళ్ల మిగులంతా ఖజానాకు పోయిందని ఆ అంకెకు మరో అర్థం. ఈ అర్థం చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

ఇక కొలత సంగతి. 1802లో నలుగురు గుమాస్తాలతో మొదలైన సర్వే తర్వాత పెద్ద సిబ్బందితో సీమంతా తిరిగింది. 33 అడుగుల గొలుసు, ఆ గొలుసు చదరాలు 40 అయితే ఒక ఎకరం. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, ఒక్కొక్కదాన్ని మళ్లీ తరాలుగా విభజించి, పొలానికి ఇంత అని శిస్తు రాశారు. పని పద్ధతిగా జరిగింది, అందులో సందేహం లేదు. కానీ కొలవడం వేరు, శిస్తు నిర్ణయించడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడటంలోనే మన చరిత్ర పుస్తకాలు పొరబడ్డాయి. తాలూకా మొత్తం మీద ఎంత రావాలన్నది పొలంలో పండే పంటను చూసి కింది నుంచి కూడుకుంటూ పోయి తేల్చింది కాదు. హైదరు, టిప్పు, నిజాం కాలాల్లో ఎంత వసూలైందో పాత లెక్కలు తిరగేసి, కంపెనీ తొలి ఏళ్లలో వచ్చింది చూసి, ఊరి పెద్దల అంచనాలు, మదింపుదార్ల అంచనాలు పక్కన పెట్టుకుని కలెక్టరు కచ్చేరీలో ఒక మొత్తం ఖాయం చేసేవాడు. ఆ మొత్తాన్ని ఊళ్ల మీదికి, ఊరి మొత్తాన్ని పొలాల మీదికి సర్దేవారు. గొలుసు ఖచ్చితంగా తేల్చింది ఏ రైతు నెత్తిన ఎంత బరువు పడాలన్నదే. మొత్తం బరువు ఎంతన్నది కచ్చేరీలో తేలిపోయింది.

ఆ బరువెంతో మన్రో తానే చెప్పాడు. 1807 ఆగస్టులో, ఉద్యోగం వదిలి వెళ్లబోతూ, మద్రాసుకు పంపిన నివేదికలో దత్తమండలాల శిస్తు మొత్తం పంటలో సుమారు 45 శాతం ఉందని, దాన్ని మూడో వంతుకు దించాలని రాశాడు. అన్ని భూముల మీదా 25 శాతం, బావులతోనూ ఏతాలతోనూ తడుపుకునే తోటల మీద 33 శాతం తగ్గించమన్నాడు. భూమికి అమ్మకపు విలువ రావాలంటే, అది రైతుకు ఆస్తి కావాలంటే ఇంతకన్నా ఎక్కువ తీసుకోకూడదని వాదించాడు. మన్రో దయకు గుర్తుగా అందరూ ఉదహరించేది ఈ నివేదికనే. నేను మాత్రం దాన్ని ఒప్పుదల పత్రంగా చదువుతున్నాను. తగ్గించమని అడిగిన మనిషే ఆ 45 శాతాన్ని విధించినవాడు, వసూలు చేసినవాడు. అడిగిన తగ్గింపు ఆ ఏడు రాలేదు, మరుసటేడూ రాలేదు.

45 శాతం అంటే ఏమిటో లెక్క వేసుకుందాం. ఒక మెట్ట రైతుకు 100 రూపాయల విలువైన జొన్న, కొర్ర పండిందనుకోండి. విత్తనం, ఎద్దుల మేత, పనిముట్లు, కూలి గింజలు, ఇంటిల్లిపాది కష్టం అన్నీ కలిపి సగమవుతాయనుకుంటే 50 పోయింది. మిగిలిన 50లో 45 సర్కారుకు. ఏడాదంతా మన్ను పిసికిన మనిషికి మిగిలేది 5. మన్రో కోరినట్టే మూడో వంతుకు దించినా 33 పోయి 17 మిగులుతుంది, అదీ బాగా పండిన ఏడు. దత్తమండలాల్లో వాన ఎన్నేళ్లకోసారి బాగా కురుస్తుందో ఆ సీమవాసులకు చెప్పనక్కర్లేదు. మొత్తం పంటలో వాటా వేరు, ఖర్చులు పోను మిగిలినదాంట్లో వాటా వేరు. ఈ తేడా చెప్పకుండా మూడో వంతు న్యాయమైన శిస్తు అని రాయడం ఆ మెట్ట రైతుకు చేసే అన్యాయం.

ఆ తగ్గింపునైనా ఇచ్చారా? లేదు. గవర్నరు బెంటింక్‌కు రైత్వారీ మీద మొగ్గు ఉండేది గానీ ఆయన్ను 1807లోనే వెనక్కి పిలిపించారు. తర్వాతివాళ్లు మన్రో పద్ధతినే పక్కకు నెట్టి, ఊళ్లకు ఊళ్లు మూడేళ్ల గుత్తకు, ఆ పైన పదేళ్ల గుత్తకు ఇచ్చేశారు. గుత్తదార్లు రైతుల్ని పిండారు. పిండగా రానిచోట తామే దివాలా తీశారు, కొందరు జైలుకు పోయారు. మన్రో 1820లో గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ 25 శాతం తగ్గింపు అమలైంది. అధిక శిస్తు అని కలెక్టరే కాగితం మీద పెట్టిన తర్వాత పదమూడేళ్లు ఆ సీమ దాని కిందే నలిగింది. మన్రో అడిగాడు, కంపెనీ ఇవ్వలేదు, కనుక తప్పు కంపెనీదే, మన్రోది కాదు అంటారు. సరే, అలాగే అనుకుందాం. అప్పుడు రైత్వారీ రైతును బతికించిందన్న వాదన ఏమైనట్టు? రైతు బతుకు ఒక అధికారి మనసు మీద, పైనున్నవాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉందని, పద్ధతిలో అతనికి ఏ రక్షణా లేదని ఈ వాదనే ఒప్పుకుంటోంది.

ఇంకొకటి. ఆ తగ్గింపు ఫలం కూడా రైతుకు నిలవలేదు. శిస్తు రొక్కంలో ఖాయమైంది. 1820ల నడుమ నుంచి 1850ల మొదలు దాకా మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లో ధాన్యం ధరలు పడిపోయాయి. కట్టాల్సిన రూపాయలు మారలేదు, వాటికోసం అమ్మాల్సిన గింజలు పెరిగాయి. 1820లో నాలుగో వంతు తగ్గిందని సంతోషించిన రైతు కొన్నేళ్లకే పాత బరువును గింజల రూపంలో మళ్లీ మోశాడు. కిస్తు గడువులు కూడా అతనికి అనుకూలంగా ఉండేవి కావు. పంట కళ్లంలో ఉండగానే కిస్తు ముంచుకొస్తే షావుకారి గడప తొక్కాలి, లేదా అందరూ ఒకేసారి అమ్మే రోజుల్లో వచ్చినకాడికి తెగనమ్ముకోవాలి. శిస్తు రేటును మాత్రమే చూసి పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ధరనూ గడువునూ ఎన్నడూ లెక్కలోకి తీసుకోరు.

దళారీ లేడన్న మాట తీసుకుందాం. జమీందారు లేడు, నిజమే. కానీ సర్కారుకూ రైతుకూ నడుమ కరణం ఉన్నాడు, రెడ్డి ఉన్నాడు, కచ్చేరీ గుమాస్తా ఉన్నాడు, తాసిల్దారు ఉన్నాడు, బంట్రోతు ఉన్నాడు. ఏటేటా జమాబందీలో ఎవరు ఏ పొలం సాగు చేశారు, ఏది వదిలేశారు, ఎండిన పైరుకు ఎంత మాఫీ ఇవ్వాలి అన్నవి తేలేది వీళ్ల కలం మీదే. ఎండింది, పండింది అని రాసే అధికారం ఉన్నవాడి చేతిలో రైతు ఉన్నాడు. వేల ఊళ్లలోని లక్షల పొలాల్ని ఒక కలెక్టరు చూసి తేలుస్తాడన్నది కాగితం మీది మాట. అందుకే మాఫీ రైతుకు హక్కు కాలేదు, బతిమాలుకుని, చేయి తడిపి తెచ్చుకోవలసిన వస్తువయింది.

తొలి రోజుల్లో ఇంతకన్నా కఠినమైన షరతు ఒకటి ఉండేది. ఒక రైతు శిస్తు కట్టలేకపోతే ఆ లోటును ఊళ్లోని మిగతా రైతుల మీద పదో వంతు దాకా అదనంగా వేసే ఏర్పాటు మన్రో కాలపు దత్తమండలాల్లోనే ఉంది. ప్రతి రైతూ సర్కారుతో నేరుగా విడివిడిగా ఒప్పందం చేసుకోవడం రైత్వారీ ప్రాణమని చెబుతారు కదా, మరి పక్కవాడి బాకీ ఇతని మెడకెందుకు చుట్టుకోవాలి? ఇష్టం లేని పొలాన్ని వదులుకునే స్వేచ్ఛ కూడా అప్పట్లో రైతుకు పేరుకే ఉండేది. ఆ నిర్బంధం పోవాలని, ఏటా పొలం పట్టుకునే వీలూ వదులుకునే వీలూ ఉండాలని తర్వాత పట్టుబట్టింది మన్రోయే. ఈ మాట అతని ఖాతాలో రాయాల్సిందే. అయితే మనం మెచ్చుకునే రైత్వారీ తొలి ఏడేళ్లు ఎలా నడిచిందో కూడా అదే ఖాతాలో ఉండాలి.

మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అతని విగ్రహం మద్రాసులో లేచింది. పద్ధతి రాజధాని అంతా పాకింది. అది పాతికేళ్లలో ఏ రూపం తీసుకుందో తెలియజెప్పినవాడు ఒక తెలుగువాడు, గాజుల లక్ష్మీనరసు చెట్టి. మద్రాసులో క్రెసెంట్ పత్రిక నడిపిన వర్తకుడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, శిస్తు కోసం రైతుల్ని హింసిస్తున్నారని పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమూర్ మద్రాసుకు వస్తే వెంట తిప్పి చూపించాడు. సభలో గొడవ లేచాక 1854లో విచారణ సంఘం వేయక తప్పలేదు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అందులో సభ్యులు. మూడు నెలల్లో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, 1,440 ఉత్తరాలు వచ్చాయి. రైల్లేని రోజుల్లో, తమను కొట్టినవాడి మీదే ఫిర్యాదు చేయడానికి, దారిబత్తెం తామే పెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు.

1855లో వచ్చిన ఆ నివేదిక చదివితే గుండె చెదురుతుంది. చిరత అనే చెక్కల నడుమ వేళ్లు పెట్టి నొక్కడం. మనిషిని వంచి, మెడనూ కాలి బొటనవేళ్లనూ కలిపి గుడ్డతో కట్టి, మండుటెండలో గంటల కొద్దీ ఉంచడం. వంగిన వీపు మీద రాయి పెట్టడం. అన్నానికీ బయటికీ పోనివ్వకుండా కూర్చోబెట్టడం. కొన్ని సందర్భాల్లో ఇదంతా అయిదారు రూపాయల బాకీ కోసం. హింస ఉన్నది నిజమేనని, శిస్తు వసూలులో అది సర్వసాధారణమని సంఘం ఒప్పుకుంది. అయితే తప్పంతా నల్ల ఉద్యోగుల స్వభావానిదని, తెల్ల అధికారులకు దీంట్లో చేయి లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును నేను అంగీకరించను. తాసిల్దారు చిరత తీసింది సరదాకి కాదు. కిస్తు రోజుకు మొత్తం జమ కాకపోతే పోయేది అతని ఉద్యోగం. మొత్తం ఎంతో తేల్చింది పైవాళ్లు, గడువు పెట్టింది పైవాళ్లు, ఎలా తెచ్చావని అడగనిది కూడా పైవాళ్లే. పాత సర్కార్లలోనూ ఈ హింస ఉండేది కదా అంటారు. ఉండేది. కంపెనీ తన పాలనకు చెప్పుకున్న సమర్థనే ఆ దౌర్జన్యాన్ని మాన్పించామని. యాభై అయిదేళ్లు ఏలిన తర్వాత కూడా పాత రాజుల పేరు చెప్పి తప్పించుకోవడానికి కంపెనీకి హక్కు లేదు, కంపెనీ తరఫున మాట్లాడే మనకు అసలే లేదు.

పాళెగాళ్ల వాదన దగ్గరికి వద్దాం. దత్తమండలాల్లో సుమారు 80 మంది పాళెగాళ్లను మన్రో అణచాడు. వాళ్లలో దోపిడీదార్లు ఉన్నారు, ఊళ్లను కాల్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను దేవుళ్లను చేసే పని నాది కాదు. కానీ పాళెగాడు తీసుకున్నది ఎక్కడ ఖర్చయింది? చాలావరకు అక్కడే. కట్టుబడి బంట్లకు ఈనాం పొలాలు, గుడికి మాన్యం, చెరువు మరమ్మతు చేసేవాడికి దశబంధం. 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టిన నాటి నుంచి ఈ సీమలో వ్యవసాయం చెరువుల మీద నిలబడింది. ఆ చెరువులు ఇలాంటి స్థానిక ఏర్పాట్ల మీద నిలబడ్డాయి. కంపెనీ శిస్తులో పెద్ద భాగం సైన్యానికీ, జీతాలకూ, లండను వాటాదార్లకూ పోయింది. సీమ నుంచి బయటికి పోయిన రూపాయి మళ్లీ సీమలో చెరువు గట్టు మీద మట్టి తట్టగా తిరిగి రాలేదు. కట్టుబడి ఈనాములు రద్దయిన బంట్లు ఏమయ్యారో 1846లో తెలిసింది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛనుదారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడితే వందల మంది అతని వెంట నడిచారు, వాళ్లలో ఈనాములు పోయినవాళ్లు ఎందరో. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసిన ఆ నరసింహారెడ్డిని వీరుడని పొగుడుతాం, అతని చేత కత్తి పట్టించిన శిస్తు ఏర్పాటును సంస్కరణ అని అదే పుస్తకంలో ఇంకో పుటలో రాసుకుంటాం.

పట్టా అందుకున్నదెవరన్నది కూడా అడగాలి. పొలం ఎవరి పేర ఉందని కరణం రాశాడో వాళ్లే రైతులయ్యారు. ఆ పొలం దున్నిన పాలేరు, కౌలుదారు, మాల మాదిగ కుటుంబాలు సర్కారు లెక్కకు కనిపించలేదు. పైనుంచి పడ్డ శిస్తు బరువును పట్టాదారు మొదట దించుకున్నది వాళ్ల కూలి గింజల మీదే.

మన్రో కీర్తికి ఒక గట్టి ఆధారం రమేశ్ చంద్ర దత్ రచన. 1902లో వచ్చిన తన ఆర్థిక చరిత్రలో దత్ అతన్ని ఎంతో గౌరవంగా చిత్రించాడు. ఆ రోజుల్లో శిస్తుకు హద్దు పెట్టమని కర్జన్ ప్రభుత్వంతో దత్ పోట్లాడుతున్నాడు. మీ పూర్వుడే మూడో వంతు చాలన్నాడు, మీరు ఆ మాత్రమైనా పాటించరా అని నిలదీయడానికి అతనికి మన్రో కావలసి వచ్చాడు. శిస్తు తగ్గించడానికి దత్ వాడిన ఆయుధాన్ని మనం తీసుకెళ్లి ఆ శిస్తుకే కవచం చేశాం. దత్ పుస్తకంలోంచి మన్రోను తీసుకుని, పక్క పేజీల్లోని కరువుల్ని వదిలేశాం. 1876-78 కరువు ఎక్కువగా కాటేసిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు, కడప ముందు వరసలో ఉన్నాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. వాన పడకపోవడం ప్రకృతి చేసిన పని. ఒక్క ఏడు వాన పడకపోతే ఇంట్లో గింజ, చేతిలో రూపాయి లేకపోవడం డెబ్బై అయిదేళ్ల శిస్తు చేసిన పని.

ఆఖరికి మిగిలే వాదన ఒకటుంది. జమీందారీ కన్నా రైత్వారీ మేలు కదా, రైతుకు కనీసం భూమి మీద సొంత హక్కు వచ్చింది కదా అని. ఆ హక్కు విలువెంతో వేలంపాటలు చెబుతాయి. బొంబాయి గవర్నరు కౌన్సిల్లో పనిచేసిన అలెగ్జాండర్ రోజర్స్ మద్రాసు రాజధాని లెక్కలు బయటపెట్టాడు. 1879-80 నుంచి 1889-90 వరకు పదకొండేళ్లలో శిస్తు బాకీ కింద 8,40,713 మంది రైతుల 19,63,364 ఎకరాల సాగు హక్కును సర్కారు వేలం వేసింది. అందులో 11,74,143 ఎకరాలకు పాడేవాడే లేక సర్కారే కొనుక్కోవలసి వచ్చింది. శిస్తు కట్టి ఈ భూమిని ఉంచుకుంటే ఏమీ మిగలదని చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరికీ తెలుసు గనకనే వేలంలో ఎవరూ నోరు విప్పలేదు. భూమికి అమ్మకపు విలువ ఉంటేనే అది రైతు ఆస్తి అవుతుందని 1807లో మన్రో పెట్టిన కొలబద్దతోనే కొలిస్తే, ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ పదకొండు లక్షల ఎకరాలు ఎవరి ఆస్తీ కాలేదు.